విశాఖలో ఇండోనేషియా వంట: కొనాల్సిన సీసా, వదిలేయాల్సిన ప్లేటు

కెచాప్ మానిస్ అనే తీపి సోయా సాస్ సీసా మూత తీసి ఒక చుక్క తెల్ల పింగాణీ ప్లేటు మీద వేసి, ప్లేటును కాస్త ఏటవాలుగా పట్టుకోండి. మామూలు సోయా సాస్ అయితే నీళ్లలా జారి అంచు దాటేస్తుంది. ఇది అలా కాదు, లేత పాకంలా వెనక తోక వదులుతూ తాపీగా దిగుతుంది. నాలుక మీద పెట్టుకుంటే ముందు బెల్లం తీపి, ఆ వెనకే కాస్త పొగవాసన, చివర్లో ఉప్పు. ఈ వరసలో రుచి రాకపోతే లేబుల్ మీద ఏం రాసి ఉన్నా అది కెచాప్ మానిస్ కాదు. ఇండోనేషియా వంట విశాఖలో కుదరాలంటే డబ్బు పెట్టి తెచ్చుకోవాల్సిన మొదటి వస్తువు ఇదే. మిగతావాటిలో చాలా వరకు ఊళ్లోనే దొరుకుతాయి, కొన్నయితే మన దగ్గరే ఇంకా తాజాగా ఉంటాయి.

పేరు చూసి టమాటా కెచప్ అనుకోకండి. ఇండోనేషియాలో కెచాప్ అంటే సోయా సాస్, మానిస్ అంటే తీపి. సోయా గింజల్ని పులియబెట్టి తీసిన రసంలో తాటిజాతి చెట్ల బెల్లం కలిపి చిక్కబడేదాకా కాస్తారు. మన దేశంలో దిగుమతి సరుకుగా ఎక్కువగా కనిపించేవి రెండు: బాంగో, ఏబీసీ. బాంగో 1928 నాటి పేరు, ఇప్పుడు యూనిలీవర్ చేతిలో ఉంది, నల్ల సోయా గింజలతో చేస్తారు. చిక్కదనంలో, బెల్లం రుచిలో దానిదే పైచేయి. ఏబీసీ కొంచెం పలచన, ఉప్పు ముందుకొస్తుంది. పైన పోసుకోవడానికి, పుల్లకు గుచ్చి కాల్చే సాతే మాంసానికి పూయడానికి బాంగో. ఫ్రైడ్ రైస్‌లోకి, నూడుల్స్‌లోకి ఏబీసీ చాలు. ఒక్కటే కొనాలంటే బాంగో కొనండి, పలచన చేసుకోవడానికి ఒక చెంచా నీళ్లు చాలు కదా.

పెద్ద సూపర్ మార్కెట్లలో విదేశీ సాస్‌ల అర ముందు నిలబడినప్పుడు రెండు చూసుకోవాలి. ఒకటి, దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్. అది లేని సీసా ఎవరి సూట్‌కేసులో వచ్చిందో తెలియదు. రెండు, పదార్థాల వరసలో మొదట చక్కెరో తాటి బెల్లమో ఉండాలి. మొదట నీళ్లు, తర్వాత కారమెల్ రంగు, చిక్కదనానికి స్టార్చి ఉంటే అక్కడే పెట్టేయండి. అరలో లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, గాజు సీసా కాకుండా ప్లాస్టిక్ సీసానో రీఫిల్ పౌచో తెప్పించుకుంటే పగలదు. తెరిచాక ఫ్రిజ్‌లో పెడితే మరీ గట్టిపడి సీసా బోర్లించినా దిగదు, బయటే ఉంచుకోవచ్చు. కాకపోతే వాడిన ప్రతిసారీ మూత చుట్టూ తడిగుడ్డతో తుడవాలి. లేదంటే తెల్లారేసరికి చీమలబారు.

సీసా దొరకలేదనుకోండి, ఇంట్లో చేసుకోవడం పెద్ద విద్య కాదు. మంచి తాటి బెల్లం 250 గ్రాములు దంచి 100 మి.లీ. నీళ్లలో కరిగించి వడకట్టాలి. తాటి బెల్లంలో ఇసుక, నలకలు లేకుండా ఉండడం అరుదు, ఈ వడకట్టే పని ఎగ్గొడితే చివరి ముద్దదాకా పళ్ల కింద కరకర. అందులో 250 మి.లీ. సోయా సాస్, ఒక అనాసపువ్వు, చితకగొట్టిన 2 వెల్లుల్లి రెబ్బలు, అల్లంలాంటి దుంపరాష్ట్రం (గలంగల్) రెండు ముక్కలు వేసి సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. మూడో వంతు తగ్గి గరిటె వెనక పల్చటి పూతలా నిలిచిందంటే దించేయండి. ఇంకా పలచగా ఉందే అనిపించినప్పుడే దించాలి, చల్లారాక చిక్కబడుతుంది. ఆ మాట మరిచి ఇంకో 5 నిమిషాలు ఉంచితే చల్లారేసరికి ఉండపాకమే. అప్పుడు రెండు చెంచాల వేడినీళ్లు పోసి మళ్లీ కలిపితే దారికొస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేతులు కాల్చుకునేది సోయా సాస్ దగ్గర. చైనీస్ బండ్ల మీద వాడే చవక డార్క్ సోయాలో ఉప్పు, పులుపు, రంగు ఎక్కువ. కాచేకొద్దీ అవన్నీ ఇంకా గాఢమై నోట పెట్టలేని చేదు పట్టుకుంటుంది. పదార్థాల్లో సోయా, గోధుమ, ఉప్పు, నీళ్లు మాత్రమే కనిపించే, సహజంగా పులియబెట్టిన రకం తీసుకోండి, కిక్కోమన్ లాంటిది. బెల్లం సంగతికొస్తే, అనకాపల్లి చెరకు బెల్లంతో చేసినా తీపి సరిపోతుంది కానీ ఆ పొగవాసన రాదు. సగం అది, సగం తాటి బెల్లం అయితే ఖర్చూ తగ్గుతుంది, రుచీ పెద్దగా పోదు.

సీసా చేతికొచ్చాక మొదట చేయాల్సింది నాసి గోరెంగ్. నాసి అంటే అన్నం, గోరెంగ్ అంటే వేయించింది. బాస్మతితో చేస్తే మెతుకు మెతుకు విడిపోయి పులావులా ఉంటుంది తప్ప ఆ వంట అవదు. జావాలో తినే బియ్యం కొంచెం ఒకదానికొకటి అంటుకునే రకం. మన బీపీటీ, సోనా మసూరి దానికి చాలా దగ్గర. నీళ్లు ఒక పాలు తగ్గించి వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడాలి. వేడన్నంతో చేస్తే మెతుకు నలిగి ముద్దకట్టడం ఖాయం. అలాగని విశాఖ ఉక్కలో రాత్రంతా గిన్నెలో బయట వదిలేసిన అన్నం వాడొద్దు. అందులో పెరిగే సూక్ష్మజీవుల విషం మళ్లీ వేయించినా పోదు.

ఇద్దరికి లెక్క: వండిన అన్నం 400 గ్రాములు, సాంబారు ఉల్లిపాయలు 5, వెల్లుల్లి 3 రెబ్బలు, పండు మిరపకాయలు 2, అర చెంచా తెరాసి అనే రొయ్యల ముద్ద. అన్నం తప్ప మిగతావన్నీ నీళ్లు పోయకుండా నూరుకోవాలి. రెండు పెద్ద చెంచాల నూనెలో పచ్చివాసన పోయేదాకా, అంటే సుమారు 2 నిమిషాలు వేయించి, ముద్దను పక్కకు జరిపి ఒక గుడ్డు కొట్టి చిదపాలి. తర్వాత అన్నం, పెద్ద మంట. మెతుకంతా ముద్ద పట్టాక మాత్రమే ఒకటిన్నర పెద్ద చెంచాల కెచాప్ మానిస్, అదీ అన్నం నడిమిన కాకుండా బాణలి గోడ మీద పోయాలి. వేడి గోడ తగిలి అది ఒక్క క్షణం బుసబుసలాడి అంచులు మాడీమాడనట్టవుతుంది, హోటల్ వాసన అంటారే, అది అక్కడ పుడుతుంది. ముందే పోస్తే అందులోని బెల్లం అడుగంటి మాడి చేదెక్కుతుంది. ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోండి. పైన అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు, పక్కన దోసకాయ ముక్కలు.

తెరాసి విషయంలో విశాఖవాళ్లు అదృష్టవంతులు. దిగుమతి ముద్ద దొరకడం కష్టమే, కానీ ఫిషింగ్ హార్బర్ వైపు ఎండు చేపలమ్మేవాళ్ల దగ్గర ఎండు రొయ్యలు దొరుకుతాయి. తలలు తీసి, ఇసుక పోయేలా రెండుసార్లు కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద గలగలమనేదాకా వేయించి పొడి కొట్టుకోండి. అర చెంచా తెరాసి చోట రెండు చిన్న చెంచాల ఈ పొడి, చిటికెడు ఉప్పు, ఒక చిన్న చెంచా ఫిష్ సాస్. ఎంతైనా తెరాసి పులియబెట్టిన సరుకు, దాని గాఢత ఎండు రొయ్యలకు పూర్తిగా రాదు. ఆ లోటును కొంత పూడ్చేది ఫిష్ సాసే. అసలు తెరాసే దొరికితే మాత్రం పచ్చిగా వేయొద్దు. చిన్న ముక్కను రేకులో చుట్టి పెనం మీద రెండు వైపులా కాల్చాకే నూరాలి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఎదురింటివాళ్లతో మాట రాకుండా.

ఇదే ముద్దతో సంబల్ చేస్తే మన రోటి పచ్చడికి సాక్షాత్తూ దాయాది. వాళ్ల రోలు లోతులేని రాతి పళ్లెంలా ఉంటుంది, బండతో దంచరు, ముందుకూ వెనక్కీ రాస్తారు. మిక్సీలో వేస్తే మిరప గింజలు, టమాటా నీరు కలిసి నురగ కట్టి పలచనవుతుంది. ఇంట్లో రోలు ఉంటే ఈ ఒక్కదానికైనా బయటికి తీయండి.

ఇక హోటళ్లు. బీచ్ రోడ్డు, సిరిపురం వైపు పెద్ద హోటళ్లలో, పాన్ ఏషియన్ అని బోర్డు పెట్టినచోట మెనూలో నాసి గోరెంగ్ కనిపిస్తూనే ఉంటుంది. వచ్చే ప్లేటు చాలాసార్లు ఒకే తీరు: బాస్మతి అన్నం, ఎర్రటి రంగు, చతురస్రంగా కోసిన క్యాప్సికం, పైన ఒక గుడ్డు, పక్కన రెండు చికెన్ పుల్లలు. పేరుకే ఇండోనేషియా, రుచికి షెజ్వాన్ ఫ్రైడ్ రైస్. ఆర్డరు ఇచ్చేముందు ఒక్క ప్రశ్న చాలు. "బాబూ, ఇందులో తీపి సోయా సాస్ వేస్తారా, మామూలుదా? రొయ్యల ముద్ద ఉంటుందా?" వంటగదిలోకెళ్లి కనుక్కుని వచ్చి "రెండూ ఉన్నాయండీ" అంటే ధైర్యంగా చెప్పండి. "చెఫ్ స్పెషల్ సాస్ అండీ" అన్నాడా, వేరే పేజీ తిప్పండి. ప్లేటు వచ్చాక రంగే చెప్పేస్తుంది: గోధుమ రంగు, అక్కడక్కడ కాస్త మాడిన మెతుకులు ఉంటే సరైనది. ఎర్రగా నిగనిగలాడితే కాదు. ఇంట్లో 15 నిమిషాల్లో అయ్యే ఈ వంటకు హోటల్ ధర పెట్టడం దండగ.

హోటల్లో డబ్బుకు న్యాయం జరిగేది సాతే దగ్గర. బొగ్గుల సెగ ఇంట్లో ఉండదు, వాళ్ల దగ్గర తందూరు ఎలాగూ ఉంటుంది. ముక్క చిన్నదిగా, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. తందూరీ చికెన్ టిక్కా అంత ముక్కల్ని పుల్లకు గుచ్చితే లోపల ఉడికేసరికి బయట ఎండిపోతుంది. వేరుశెనగ సాస్ విడిగా ఇమ్మని అడగండి. కొబ్బరిపాలతో పసుపు రంగులో వస్తే అది థాయ్ పద్ధతి. మదురా ద్వీపం పద్ధతిలో అయితే వేయించిన వేరుశెనగలు, వెల్లుల్లి నూరిన చిక్కటి సాస్ మీద కెచాప్ మానిస్ ధారగా పోస్తారు. రెండూ బాగుంటాయి, ఏది తింటున్నామో తెలిస్తే చాలు.

ఇండోమీ అనే ఇన్‌స్టంట్ నూడుల్స్ గురించి రెండు ముక్కలు. ఈ బ్రాండు 1972లో మొదలైంది, మి గోరెంగ్ రకం 1980ల మొదట్లో వచ్చింది. మ్యాగీ చేతులకు ఇది పొరపాటున కూడా కుదరదు, ఎందుకంటే మసాలా నీళ్లలో వేసే పనే లేదు. పొడి, నూనె, తీపి సోయా, కారం ప్యాకెట్లన్నీ ముందు ప్లేటులో పిండి పెట్టుకోవాలి. 400 మి.లీ. మరిగే నీళ్లలో నూడుల్స్ సరిగ్గా 3 నిమిషాలు ఉంచి, నీళ్లన్నీ వార్చేసి ప్లేటులో కలపాలి. వేయించిన ఉల్లి చివర్లో, లేకపోతే మెత్తబడుతుంది. సౌదీలో, నైజీరియాలో కూడా తయారవుతుంది కాబట్టి ప్యాకెట్ వెనక ఎక్కడిదో చూడండి, రుచి ఒకేలా ఉండదు. శాకాహారులు చుక్క గుర్తు చూడకుండా కొనకూడదు. ఒకటి చాలదు, రెండు ఎక్కువ. ఈ చిక్కుకు ఇంతవరకు ఎవరూ పరిష్కారం కనుక్కోలేదు.

టెంపే దగ్గర కాసేపు ఆగాలి. ప్యాకెట్లలో గడ్డకట్టి వచ్చే టెంపే కంటే ఇంట్లో చేసింది ఎన్నో రెట్లు మేలు, పైగా ఆ పనికి విశాఖ వాతావరణం సగం వంటవాడు. సోయా గింజల మీద రైజోపస్ అనే బూజు పెరిగి వాటిని తెల్లటి దిమ్మెలా అల్లుకోవడమే టెంపే. ఆ బూజుకు 30 నుంచి 32 డిగ్రీలు కావాలి, ఏడాదిలో చాలా నెలలు మన గదిలో ఉండే వేడి అదే. బూజు పొడిని ఇండోనేషియాలో రాగి అంటారు, మన రాగులకూ దానికీ సంబంధం లేదు. రాప్రిమా పేరుతో వచ్చే పొడి కిలో గింజలకు 2 గ్రాములు సరిపోతుంది.

అర కిలో సోయా గింజలు రాత్రంతా నానబెట్టి, మినప్పప్పు పొట్టు తీసినట్టే చేత్తో పిసికి పొట్టు తేల్చేయాలి. పొట్టు ఉన్నచోట బూజు లోపలికి దిగదు. మామూలు గిన్నెలో 45 నిమిషాలు ఉడికించండి. కుక్కర్ వద్దు, సోయా నురగ, మిగిలిన పొట్టు వెయిట్ రంధ్రంలో ఇరుక్కుంటాయి. చివర్లో రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలిపితే చెడు బ్యాక్టీరియా అణుగుతుంది. నీళ్లు వార్చాక అసలు పని మొదలు: గింజల్ని గుడ్డ మీద పరిచి ఫ్యాను కింద అరగంట ఆరబెట్టాలి. గింజ ముట్టుకుంటే తడి అంటకూడదు, చేతికి గోరువెచ్చగా తగలాలి. వేడి మీద పొడి కలిపితే బూజు చచ్చిపోతుంది, తడి మీద కలిపితే జిగురు పట్టి కుళ్లువాసన వస్తుంది. చెడిపోయిన టెంపేల్లో ఎక్కువ భాగం ఈ ఆరబెట్టడంలో తొందరపడినవే.

పొడి బాగా కలిపి, జిప్ సంచిలో 2 నుంచి 3 సెంటీమీటర్ల మందంగా పరిచి, సంచికి రెండు వైపులా సెంటీమీటరుకొక సూదిబెజ్జం పెట్టాలి. బెజ్జాలు తక్కువైతే గాలి ఆడక మధ్యలో బూజు పట్టదు, మరీ పెద్దవైతే వాటి చుట్టూ నల్లబడుతుంది. అరటాకులో చుట్టి దారం కట్టినా చక్కగా వస్తుంది. గాలి ఆడేలా జల్లిపళ్లెం మీద పెట్టండి. 12 గంటల తర్వాత దిమ్మె తనంతట తానే వేడెక్కుతుంది. మే నెలలో ఆ దశలో నేల మీదికి, చల్లటి గచ్చు మీదికి మార్చకపోతే ఉడికిపోయి చెడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం థర్మకోల్ పెట్టెలో వేడినీళ్ల సీసాతో పాటు ఉంచాలి. 24 నుంచి 36 గంటల్లో అంచు పట్టుకుని ఎత్తితే పలకలా నిలిచి, పుట్టగొడుగు వాసన వస్తే అయిపోయినట్టే. బెజ్జాల దగ్గర బూడిద రంగు మచ్చలకు భయపడక్కర్లేదు, అవి బూజు బీజాలే. గులాబీ, పచ్చ, పసుపు రంగులు కనిపిస్తే మొహమాటం లేకుండా పారేయండి. పల్చటి ముక్కలు కోసి, ధనియాలు, వెల్లుల్లి, ఉప్పు నూరి కలిపిన నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి నూనెలో వేయిస్తే, మిరపకాయ బజ్జీల పక్కన పెట్టినా ముందు ఖాళీ అయ్యే ప్లేటు ఇదే.

కొబ్బరిపాలు ఇగిరిపోయేదాకా వండే మాంసం కూర రెండాంగ్, దానికి మసాలా ప్యాకెట్లు వస్తున్నాయి. వాటిలో ఉప్పు, కారం ఎక్కువ, నిమ్మగడ్డి వాసన అంతంతమాత్రం. తొందరలో ఉంటే కొనండి, లేకపోతే అక్కర్లేదు. నిమ్మగడ్డి నర్సరీల్లో దొరుకుతుంది, కుండీలో పెరుగుతుంది. దుంపరాష్ట్రం పూర్ణా మార్కెట్‌లోని ఆయుర్వేద మూలికల దుకాణాల్లో ఎండు ముక్కలుగా అడగండి, వేడినీళ్లలో అరగంట నానబెట్టి రెండు ముక్కలే వేయాలి, ఎక్కువైతే కషాయం వాసన. వాళ్లు వాడే సువాసన నిమ్మాకుకు బదులు మజ్జిగలో వేసుకునే దబ్బాకు సరిగ్గా నప్పుతుంది. కెమిరి అనే నూనె గింజల చోట పలాస జీడిపప్పు. పసుపు ఆకు మాత్రం తప్పనిసరి, అది లేని రెండాంగ్ పశ్చిమ సుమత్రావాళ్లు ఒప్పుకోరు. పచ్చి పసుపు కొమ్ము కుండీలో పాతితే ఆకులు వస్తాయి.

ఇందులో అసలు మెలిక కొబ్బరిపాలు. డబ్బా పాలలో విరిగిపోకుండా స్థిరపరిచే పదార్థాలు కలుపుతారు. రెండాంగ్‌కు కావాల్సిందేమో పాలు విరిగి నూనె తేలడం, ఆ నూనెలోనే మాంసం వేగి నల్లబడడం. అందుకే కిలో మటన్‌కు 3 కొబ్బరికాయలు తురిమి పిండిన పాలే వాడండి. జావాలోనూ సుమత్రాలోనూ గొడ్డుమాంసం వేస్తారు, అది 3, 4 గంటలు నిలుస్తుంది. మన మటన్ అంతసేపు ఉంటే ఎముక వదిలేసి పీచుపీచవుతుంది. కాబట్టి మసాలాతో పాలను ముందు ఒక గంట వెడల్పాటి బాణలిలో చిక్కబరచి, ఆ తర్వాతే ముక్కలు వేయాలి. నూనె తేలిన దగ్గర్నుంచి గరిటె ఆపకండి. తడి ఉండగానే దించితే దాని పేరు కాలియో, అన్నంలోకి అది కూడా అద్భుతమే. గుంటూరు మిరపకాయలే పూర్తిగా వేస్తే కారం మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది, సగం బ్యాడిగి వేయండి.

క్రుపుక్ అనే రొయ్య అప్పడాలు కొంటే వేయించే ముందు ఒక గంట ఎండలో పెట్టండి. సముద్రపు గాలి తేమ పీల్చుకున్న అప్పడం నూనెలో పొంగదు, సగ్గుబియ్యం వడియాల్లాగే రాయిలా మిగులుతుంది. నూనె బాగా కాగాలి, ఒక్కొక్కటే వేయాలి, పొంగిన వెంటనే తీయాలి. చల్లారాక గాలి చొరబడని డబ్బాలో వేసి, ఆ సాయంత్రానికే ముగించేయండి.